నలభయ్యో ట్యూబు

రెండువేల పది ఆగస్టు ఇరవై ఒకటి, శనివారం. ఆ రోజు భోజనంలో పులిహోర, గుత్తివంకాయ కూర, చక్రపొంగలి, పెరుగువడలు. మిగతావి ఎలా ఉన్నాయో భీమశంకరానికి గుర్తులేదు గానీ పెరుగువడల్ని మాత్రం మరిచిపోలేదు. పొద్దున తొమ్మిదింటికి పెరుగులో పడ్డ వడలు మధ్యాహ్నం నాలుగింటిదాకా నానాయి. గరిటె పెట్టి తీస్తే ఒక్కటీ వడలా రాలేదు. "పాయసం బాగుందండీ," అన్నారెవరో వరసలో. అందరూ నవ్వారు. భీమశంకరం కూడా నవ్వాడు. భుజాల మీద కొత్త శాలువా ఉన్నవాడు నవ్వక ఏం చేస్తాడు?

అమెరికాలో, సియాటిల్ పక్కనున్న బాతెల్‌లో ఏటి పక్క పార్కులో తెలుగు సంఘం వాళ్ళ పిక్నిక్ అది. భీమశంకరం ఆ ఊళ్ళోనే ఒక చిన్న బయోటెక్ కంపెనీలో సైంటిస్టు. అరవై రెండేళ్ళవాడు. ఎన్ని సభలకి వెళ్ళినా వెనక వరసలో, గుమ్మానికి దగ్గరగా కూర్చునే మనిషి. ఆ రోజు ఆయన పిక్నిక్‌కి భోజనం కోసం రాలేదు. రక్తం కోసం వచ్చాడు.

ఆయన కంపెనీ ప్యాంక్రియాస్ క్యాన్సర్‌ని ముందే పసిగట్టే రక్తపరీక్ష ఒకటి తయారుచేస్తోంది. రోగుల రక్తం నలభై ట్యూబులు ఒక ఆసుపత్రి నుంచి పద్ధతిగా వచ్చాయి. పోల్చి చూడ్డానికి ఆరోగ్యవంతులవి మరో నలభై కావాలి. పెద్దవయసు వాళ్ళు నలభైమంది ఒకేచోట కూర్చుని, చెయ్యి చాపమంటే కాదనకుండా చాపే చోటు తెలుగు సంఘం తప్ప ఇంకేముంది? "రోగులేమో రకరకాల వాళ్ళు, ఆరోగ్యవంతులంతా మనవాళ్ళేనా?" అని చరిత అనే కుర్రసైంటిస్టు అడిగింది. "మైక్రో ఆర్‌ఎన్‌ఏకి భాష తెలియదమ్మా," అన్నాడు కంపెనీ అధిపతి కృష్ణమోహన్. అనుమతి కాగితాల మీద సంతకాలన్నీ అయ్యాయి.

మైక్రో ఆర్‌ఎన్‌ఏ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే భీమశంకరం పెళ్ళివారి వంటశాల గురించి చెప్పేవాడు. మన కణాల్లో జన్యువులు పెళ్ళిపెద్దల్లాంటివి. లోపలి గదిలోంచి కదలవు. ఏం వండాలో చీటీలు రాసి పంపిస్తూ ఉంటాయి. వంటవాళ్ళు చీటీ చూడ్డం, వండెయ్యడం. మరి ఆపేవాళ్ళెవరు? వంటశాల గుమ్మంలో పీట వేసుకుని ఓ పొట్టి ముసలమ్మ కూర్చుని ఉంటుంది. "బూరెలు ఇక చాలు," అని చీటీ చింపేస్తుంది. ఆవిడ గరిటె పట్టదు, పొయ్యి ముట్టించదు. కానీ ఆవిడ లేచి వెళ్ళిపోయిందా, తెల్లారేసరికి బూరెలు గుట్టలుపడి పెళ్ళిపందిరే కూలుతుంది. ఆ ముసలమ్మే మైక్రో ఆర్‌ఎన్‌ఏ. ఆ గుట్టే, ఒక్కోసారి, క్యాన్సర్.

ఈ పోలిక విని అందరూ మెచ్చుకునేవారు. నిజానికి దాన్ని మొదట చెప్పింది ఆయన భార్య భానుమతి. ముప్పై ఏళ్ళపాటు ఆయన మూడో వడకి చెయ్యి చాపినా, ప్రయోగం గురించి మూడో మాట ఎత్తినా "ఇక చాలు" అన్న మనిషి ఆవిడే. రెండువేల ఎనిమిది మార్చిలో ఆవిడ కళ్ళు పచ్చబడ్డాయి. జూన్‌కల్లా వెళ్ళిపోయింది. ప్యాంక్రియాస్. ఆ పరీక్ష మీద భీమశంకరం ఎందుకంత పట్టుగా పనిచేస్తున్నాడో కంపెనీలో ఎవరికీ చెప్పలేదు. అందరికీ తెలుసు.

పార్కులో రక్తం తీసింది నళిని. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైన మనిషి, చెయ్యి పెడితే సూది గుచ్చినట్టు కూడా తెలియదు. ఆవిడ భర్త విశ్వనాథం సంఘానికి అధ్యక్షుడు, రోడ్లూ వంతెనలూ కట్టి రిటైరైన ఇంజనీరు, భీమశంకరానికి పాతికేళ్ళ స్నేహితుడు. పదింటికి మొదలుపెట్టి పదకొండున్నరకల్లా ముప్పై తొమ్మిది ట్యూబులు నింపేశారు.

"నలభయ్యో నంబరు నాది," అన్నాడు విశ్వనాథం. "సభ అయ్యాక ఇస్తాను. ముందే రక్తం తీస్తే గొంతులో పస పోతుంది."

తీసిన రక్తాన్ని రెండు గంటల్లోపల ల్యాబుకి తీసుకెళ్ళి, యంత్రంలో గిర్రున తిప్పి, ఎర్రకణాల్ని కిందికి దింపేసి పైన తేలే పచ్చటి ప్లాస్మాని వేరుచెయ్యాలి. అదీ నియమం. ల్యాబు కారులో పావుగంట దూరం. భీమశంకరం ఐస్‌పెట్టెని నీడలో, భోజనాల బల్ల కింద పెట్టి, తాళాలు తెచ్చుకుందామని లేచాడు. అప్పుడే మైకులో ఆయన పేరు వినపడింది.

సన్మానమట. ముందు చెప్పలేదు, చెబితే రాడని. క్యాన్సర్‌ని జయించబోతున్న మన బాతెల్ ముద్దుబిడ్డ అన్నారు. అమెరికా వచ్చిన ముప్పై అయిదేళ్ళలో ఎవరూ ఆయన్ని దేనికీ ముద్దుబిడ్డ అనలేదు. కాళ్ళు వాటంతటవే వేదిక ఎక్కాయి. శాలువా కప్పారు. శాలువా కప్పించుకున్నవాడు సభ ముగిసేదాకా కుర్చీలోంచి లేవకూడదు. ఎక్కడా రాసి లేదు గానీ, లేచినవాణ్ణి ఇంతవరకు ఎవరూ చూడలేదు. నలుగురు మాట్లాడారు. తర్వాత విశ్వనాథం అందుకున్నాడు. "అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకు చూస్తే చాలు. ఒంట్లో జబ్బుందో లేదో మా శంకరం ఒక్క చుక్క పట్టుకు చూస్తే చాలు!" అన్నాడు. చప్పట్లు. అక్కడితో ఆపితే బాగుండేది. గంటా యాభై నిమిషాలు మాట్లాడాడు. భానుమతి ఉంటే ముందు వరసలోంచి చెవి కమ్మ సవరించుకునేది. ఇక చాలు, లేవండి అని దానర్థం. ముందు వరసలో ఆ రోజు ఎవరూ కమ్మ సవరించుకోలేదు.

సభ అయ్యేసరికి నాలుగు. విశ్వనాథం రక్తం ఇచ్చాడు. వచ్చిన అతిథి తినకుండా వెళితే ఎలాగని భీమశంకరం చేతిలో పళ్ళెం పెట్టారు. ల్యాబుకి చేరేసరికి నాలుగూ నలభై. నోట్‌బుక్కులో ఒక గడి ఉంది, రక్తం తీశాక ఎంతసేపటికి వేరుచేశారు అని. ఆయన కలం కాసేపు గాలిలో ఆగింది. మైక్రో ఆర్‌ఎన్‌ఏలు గట్టివి, అంత త్వరగా పాడవవు అని తనకి తాను చెప్పుకున్నాడు. నలభై వరసల్లోనూ ‘రెండు గంటలు’ అని రాశాడు.

ఫిబ్రవరిలో ఫలితాలు వచ్చాయి. ఎనభైలో డెబ్భై తొమ్మిది సరిగ్గా. రెండు రకాల మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఆరోగ్యవంతుల్లో నిండుగా ఉన్నాయి, రోగుల్లో అడుగంటిపోయాయి. ముసలమ్మలు ఉన్న వంటశాలలూ, లేచి వెళ్ళిపోయిన వంటశాలలూ. పోలిక అంత చక్కగా కుదిరినప్పుడు సైంటిస్టు అనుమానపడాలి. భీమశంకరం బాత్‌రూమ్‌లోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాడు.

ఒక్క ఆరోగ్యవంతుడు మాత్రం రోగుల్లో తేలాడు. నలభయ్యో ట్యూబు.

"దీన్ని మిస్టేక్ అనుకోకండి సార్," అన్నాడు కృష్ణమోహన్ ఉత్సాహంగా. "ఇంకా డయాగ్నోజ్ కాని పేషెంట్‌ని మన టెస్ట్ పట్టుకుంది. ఇన్వెస్టర్లకి ఇంతకంటే స్టోరీ ఏం కావాలి?"

ట్యూబుల మీద పేర్లు ఉండవు. ఎవరి రక్తమో ఎవరికీ తెలియకూడదు. నలభయ్యోది ఎవరిదో భీమశంకరానికి తెలుసు. రెండు నెలలు మోశాడు. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఏటి వెంబడి నడుస్తూండగా విశ్వనాథమే ఆగిపోయాడు.

"ఏమోయ్ శంకరం, నన్ను చూస్తే నీ మొహం పాలిపోతోంది. మళ్ళీ సన్మానం చేస్తానని భయమా?"

"ఒకసారి పొట్ట స్కాన్ చేయించుకోరాదూ?"

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే స్కాన్‌లు చేయించుకోడానికి నేనేమన్నా వంతెననా? సంగతి చెప్పు."

చెప్పాడు. విశ్వనాథం ఏటివైపు చూస్తూ నిలబడ్డాడు. అంతసేపు ఆయన మాట్లాడకుండా ఉండటం భీమశంకరం ఎన్నడూ చూడలేదు.

స్కాన్‌లో ప్యాంక్రియాస్ మీద బఠాణీగింజంత నీటితిత్తి కనిపించింది. "ఈ వయసులో ఇలాంటివి చాలామందికి ఉంటాయి. ఆరు నెలలు ఆగి మళ్ళీ చూద్దాం," అన్నాడు డాక్టరు. వేరే ఎవరైనా అయితే ఆయనకి దణ్ణం పెట్టి ఇంటికొచ్చేవారు. విశ్వనాథం ఇంకో సర్జన్‌ని వెతుక్కున్నాడు. ఆయన అంతా విని, ఇది చిన్న ఆపరేషన్ కాదు, ఏడెనిమిది గంటలు పడుతుంది, ప్రమాదమూ ఉంది, మీరు అంతగా కోరితే చేస్తాను అన్నాడు. జూన్ పధ్నాలుగు అని రోజు పెట్టారు.

"ఆరు నెలలు ఆగరాదూ?" అన్నాడు భీమశంకరం.

"భానుమతమ్మకి ఆరు నెలలు ఇచ్చారా?" అన్నాడు విశ్వనాథం. "వందమంది ముందు మైకు పట్టుకుని నీ టెస్ట్‌కి తిరుగులేదన్నాను. ఇప్పుడు నా దాకా వచ్చేసరికి నమ్మకపోతే ఎలా?"

నళిని గుమ్మం దాకా వచ్చి మెల్లిగా అడిగింది. "అన్నయ్యగారూ, మీ టెస్ట్ కరెక్టేనంటారా?"

"అలాగే చెబుతోందమ్మా," అన్నాడు. ఇంతకంటే పిరికిమాట తన జీవితంలో అనలేదని కారెక్కాక తెలిసింది.

జూన్ మొదటివారంలో ఇన్వెస్టర్లకి చూపించడానికి చరిత గ్రాఫు బొమ్మలు గీస్తోంది. ముప్పై ఏళ్ళ పిల్ల. హెచ్‌-వన్ వీసా మీద ఉంది. గ్రీన్‌కార్డు కాగితాలు కంపెనీ పేరున సగం దారిలో ఉన్నాయి. మధ్యాహ్నం భీమశంకరం పెరుగన్నం డబ్బా తెరుస్తూండగా లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది.

"అంకుల్, ఒక వియర్డ్ థింగ్. ట్యూబ్ నంబర్ ఆర్డర్‌లో పెట్టి చూశా. ఆరోగ్యం క్యూ ప్రకారం తగ్గుతోంది."

బొమ్మలో చుక్కలు మెట్లు దిగుతున్నట్టున్నాయి. ఒకటో నంబరు అందరికంటే పైన. ముప్పై తొమ్మిది బాగా కింద. నలభై నేల మీద.

"క్యూలో ముందు నిలబడ్డవాళ్ళు అంత హెల్తీనా?" అంది చరిత. "స్పిన్ చేసేదాకా ట్యూబులు ఎక్కడున్నాయి?"

"ఐస్‌పెట్టెలో."

"ఐస్‌పెట్టె ఎక్కడుంది?"

"భోజనాల బల్ల కింద. పెరుగువడల గిన్నెకి సరిగ్గా..." అని ఆగిపోయాడు. చెంచా చేతిలోనే ఉండిపోయింది.

పైన వడలు నానుతున్నాయి. కింద ఎర్రకణాలు నానుతున్నాయి. బల్లకి అటూ ఇటూ జరిగింది ఒకటే. వడలు విచ్చిపోయాయి, కణాలూ విచ్చిపోయాయి. తాము వెతుకుతున్న ఆ రెండు మైక్రో ఆర్‌ఎన్‌ఏలూ ఎర్రకణాల్లోనే కిక్కిరిసి ఉంటాయి. అవి ప్లాస్మాలోకి కారి నిండుగా కనిపించాయి. ఉన్నవి పాడవవని ఆయన అనుకున్నది నిజమే. లేనివి వచ్చి చేరతాయని అనుకోలేదు. ఆసుపత్రివాళ్ళు పద్ధతిగా అరగంటలో వేరుచేసిన రోగుల రక్తంలో ఏదీ తగ్గలేదు. ఉండవలసినంతే ఉంది. పెరగలేదు గనక అది రోగం అయింది. నలభై నిమిషాలే నానిన నలభయ్యో ట్యూబుదీ అదే కథ.

"ఎంతసేపు ఉన్నాయి అంకుల్?"

"నోట్‌బుక్కులో రెండు గంటలని ఉంది."

"ఉంది సరే. ఎంతసేపు?"

"సభ అయ్యేదాకా," అన్నాడు ఆయన. చరితే ఆ సభ డీవీడీ సంపాదించింది. విశ్వనాథం ప్రతి ఇంటికీ ఒకటి పంచాడు గనక కష్టం కాలేదు. తెర మూలన గడియారం పరిగెడుతూనే ఉంది. నాలుగు గంటల ఇరవై రెండు నిమిషాల సభ. ఆ డీవీడీని మొదటినుంచి చివరిదాకా చూసిన ఏకైక మనిషి చరితే అయి ఉంటుంది.

అనుమానం ఒకటి, రుజువు ఒకటి. మర్నాడు పొద్దున భీమశంకరం నళిని దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాడు. "రెండు ట్యూబులు తియ్యమ్మా." ఎందుకని ఆవిడ అడగలేదు. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషి. ఒకటి అరగంటలో ల్యాబులో వేరుచేశాడు. రెండోది ఐస్‌పెట్టెలో, కారు డిక్కీలో ఆరున్నర గంటలు ఉంచాడు. ఆ తర్వాత రెండింటికీ పరీక్ష చేశారు. పొద్దుటి ట్యూబు ప్రకారం భీమశంకరానికి ప్యాంక్రియాస్ క్యాన్సర్. సాయంత్రపు ట్యూబు ప్రకారం పరిపూర్ణ ఆరోగ్యం. మందు లేదు, మాత్ర లేదు, ఒక్క పూటలో నయమైపోయింది.

కృష్ణమోహన్ గదిలో ఇద్దరే కూర్చున్నారు. కృష్ణమోహన్ నోట్‌బుక్కు ముందు పెట్టుకుని ఆ గడి మీద వేలు పెట్టాడు.

"టూ అవర్స్ అని మీ చేత్తోనే రాశారు కదా సార్."

"రాశాను. అబద్ధం."

"మీరు అలాంటి మనిషి కాదే. ఎందుకు లేటయింది?"

"శాలువా కప్పారు. లేవలేకపోయాను."

కృష్ణమోహన్ కళ్ళు మూసుకున్నాడు. "ఆ శాలువా స్పాన్సర్ చేసింది మనమే సార్," అన్నాడు. "కంపెనీకి విజిబిలిటీ వస్తుందని."

అరిచినా బాగుండేది. అరవలేదు. ఇన్వెస్టర్ల మీటింగు ఆపేశాడు. అందుకు భీమశంకరం ఆయనకి మనసులో నమస్కారం పెట్టుకున్నాడు. ఎందుకంటే ఆపకుండా ఉండటానికి ఒక్క అవకాశం ఉంది, చరిత బొమ్మని చింపెయ్యడం. ఆ మాట ఇద్దరికీ తోచింది, ఇద్దరూ పైకి అనలేదు. నెలాఖరుకి మీరు రిటైరైతే అందరికీ గౌరవంగా ఉంటుందన్నాడు. భీమశంకరం సరేనన్నాడు. ఇక డబ్బు రాదు గనక కంపెనీ మూతపడక తప్పదు; చరిత గ్రీన్‌కార్డు కాగితాలు మళ్ళీ మొదటికొచ్చాయి. కానీ కుళ్ళిన రక్తాన్ని ఎలా గుర్తుపట్టాలో రాయమని సియాటిల్‌లో ఒక ల్యాబువాళ్ళు ఆ పిల్లని పిలిచారు. తప్పుని పట్టుకున్నవాళ్ళకి కూడా అప్పుడప్పుడు ఉద్యోగాలు ఇస్తారని ఆయనకి అప్పుడే తెలిసింది.

అసలు కష్టం విశ్వనాథానికి చెప్పడం. ఆపరేషన్ ఇంకా నాలుగు రోజులుంది. వరండాలో నిలబెట్టే చెప్పాడు. నోట్‌బుక్కులో రాసిన అబద్ధంతో మొదలుపెట్టాడు. అదొక్కటి గొంతు దాటితే మిగతాది దానంతట అదే వస్తుంది.

విశ్వనాథం అంతా విన్నాడు. "ఉండు. అంటే నా ఉపన్యాసం విన్నవాళ్ళందరికీ రక్తం విరిగిపోయింది. చెప్పినవాడికి మాత్రం శుభ్రంగా ఉంది. అంతేనా?"

"అంతే."

"నీ టెస్ట్ కనిపెట్టింది జబ్బుని కాదు."

"నువ్వు ఎంతసేపు మాట్లాడావన్నది కనిపెట్టింది. అందులో మాత్రం తిరుగులేదు."

నళిని లోపలినుంచి పకపకా నవ్వింది. తర్వాత ఆ నవ్వు నవ్వులా లేదు. విశ్వనాథం లోపలికి వెళ్ళి కాసేపటికి వచ్చాడు. సర్జన్‌కి ఫోన్ చేసి చెప్పేశాడట. నీటితిత్తి ఉన్నచోటే ఉంటుంది, అక్టోబర్‌లో మళ్ళీ స్కాన్. అది ఏమవుతుందో ఎవరికీ తెలియదు. తెలియదని చెప్పిన మొదటి డాక్టరే అందరిలోకీ నిజం చెప్పాడు.

"ఒక్కటే బాధ శంకరం. ఆపరేషన్‌కి ముందు మీ అందరికీ వినిపిద్దామని నాలుగు పేజీలు రాసుకున్నాను."

"ఎనిమిది," అంది నళిని.

జూన్ పధ్నాలుగు, మంగళవారం. విశ్వనాథం కడుపు కోయించుకోవలసిన రోజున ఆ కడుపుని నింపుదామని భీమశంకరం వాళ్ళిద్దర్నీ భోజనానికి పిలిచాడు. స్వయంగా పెరుగువడలు చేశాడు. వడలు పెరుగులో వేసిన వేళ ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్‌కి అతికించాడు. ఆరూ పది. సరిగ్గా ఏడూ పదికి బల్ల మీద పెట్టాడు. ప్రతి వడా వడలాగే వచ్చింది. నళిని చీటీ చూసింది. ఇంకో వడ వేయించుకుంది.

ఇన్నాళ్ళూ ఆయన్ని తొలిచిన బాధ ఒకటుంది. ఈ పరీక్ష మూడేళ్ళు ముందు వచ్చి ఉంటే భానుమతి దక్కేది కదా అని. విశ్వనాథం మూడో వడ మింగుతూంటే అది గుర్తొచ్చింది. పరీక్ష ఆలస్యంగా రాలేదు. అసలు రాలేదు. ఎవరో ఒకరు, ఎప్పుడో, సరైనది తెస్తారు. తాను మాత్రం ఆవిడ విషయంలో ఆలస్యం చెయ్యలేదు. ఇంత చిన్న ఊరట కోసం ఒక కంపెనీయే కూలాలా అని నవ్వొచ్చింది.

తొమ్మిదవుతోంది. బాతెల్‌లో జూన్ వెలుతురు ఇంకా పోలేదు. లేచినవాళ్ళు గుమ్మం దగ్గర ఆగారు. మనవాళ్ళు వెళ్ళొస్తామన్నాకే అసలు కబుర్లు మొదలవుతాయి. విశ్వనాథం ఒక కాలు బయటా ఒక కాలు లోపలా పెట్టి, వచ్చే ఆగస్టు పిక్నిక్ గురించి ఎత్తుకున్నాడు. ఈసారి సన్మానం చరితకి చేద్దామన్నాడు. శాలువా రంగు దాకా వచ్చాడు.

"ఇక చాలు. పదండి," అంది నళిని.

విశ్వనాథం మాట సగంలో తుంచేసి, బుద్ధిమంతుడిలా రెండో కాలు కూడా బయట పెట్టాడు. ఇద్దరూ మెట్లు దిగారు. కారు లైట్లు మలుపు తిరిగేదాకా భీమశంకరం అక్కడే నిలబడ్డాడు. ఆ రెండు మాటలూ ఎవరి నోట వచ్చినా ఆయనకి వినడానికి బాగానే ఉంటాయి. తర్వాత లోపలికి వచ్చి, చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నాడు.